ముందు షెడ్డు, మ్యూజియం సంగతి తర్వాత

సంపాదకులకు,

పాత రైల్వే స్టేషన్లు ఒక్కొక్కటే కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. దాంతో ‘ఆ చేయి ఎత్తి దించే సెమాఫోర్ సిగ్నళ్లు, ఒంటి లైనులో రైలు వెళ్లడానికి అనుమతిగా బంతి ఇచ్చే నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలు, గార్డు దీపాలు ఏమైపోయాయి? వాటికో మ్యూజియం కట్టించండి’ అని పాఠకులు పత్రికలకు రాస్తున్నారు. అడగడం న్యాయమే. కానీ మ్యూజియం మంజూరై, భవనం లేచేదాకా ఆ వస్తువులు ఎక్కడుండాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. ఇప్పుడవి ఉన్నవి చెట్ల కిందా, టార్పాలిన్ల కిందా, ఎవరో ఒకరి పెరట్లోనూ. సముద్రానికి దగ్గరలో ఉన్న శ్రీకాకుళం వైపైతే నాలుగు వానాకాలాలకే పలచటి రేకు భాగాలు చిల్లులు పడతాయి. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లుగా మేం చెప్పేది ఒక్కటే. రైల్వే వారసత్వం మీద ప్రేమతో నలుగురు చేరిన చోట మొట్టమొదట కట్టాల్సింది గట్టి నిల్వ షెడ్డు. బోర్డులు, ప్రారంభోత్సవాలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

స్వచ్ఛంద కార్యకర్తలు రైలు మార్గాన్నే నడిపిన చరిత్ర బ్రిటన్‌ది. వేల్స్‌లో 1865లో మొదలైన టాలిలిన్ రైల్వే మూతపడే స్థితికి వస్తే, 1950లో ఒక సంఘంగా చేరిన ఔత్సాహికులు 1951 మే 14 నుంచి దాన్ని తామే నడిపారు. ఇంజన్లు, పెట్టెలు, జనం అన్నీ ఉన్న ఆ దేశంలో కూడా ఇలాంటి సంఘాలకు ఎప్పుడూ చాలనిది కప్పు కింద చోటే. మన దగ్గర 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసి, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించిన రెండున్నర అడుగుల చిన్న రైలు మార్గం 2004లో ఆగి బ్రాడ్‌గేజ్‌గా మారింది. మీటర్‌గేజ్ దారులూ దాదాపు అన్నీ అలాగే మారిపోయాయి. వాటి సామాను ఇంకా అక్కడక్కడా దొరుకుతూనే ఉంది. నౌపడ అంటే ఉప్పుమళ్లు. ఆ గాలికి ఇనుము ఎంతకాలం నిలుస్తుందో అక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ తీరాన్నే దృష్టిలో పెట్టుకుని లెక్కలు చెబుతాం. హైదరాబాదు వైపు కట్టుకునేవాళ్లకు గాలి భయం కొంత తగ్గుతుంది కానీ పద్ధతి ఇదే.

ముందుగా కాగితాలు. స్థలం రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపుంటే పంచాయతీ అనుమతితో పాటు రైల్వే నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి. అంతకన్నా ముఖ్యమైనది సామానుకు సంబంధించిన రసీదు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడంపై 1966 నాటి చట్టం ఉంది. మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. ‘పడేసింది తెచ్చుకున్నాం’ అంటే అది సమాధానం కాదు. వేలంలో కొన్న డెలివరీ కాగితమో, ఇచ్చిన అధికారి ఉత్తరమో లేని వస్తువు షెడ్డు గడప దాటకూడదు.

ఇక కట్టడం. ఒక చిన్న బృందానికి 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు సరిపోతుంది. పొడవునా పదేసి అడుగులకో జత చొప్పున పది స్తంభాలు, చూరు దగ్గర ఎత్తు 12 అడుగులు, మధ్యలో కొప్పు మరో మూడున్నర అడుగులు. ముగ్గు పోసేటప్పుడు ఎదురెదురు మూలల మధ్య కొలత రెండు వైపులా 44 అడుగుల 8 అంగుళాల మీద అర అంగుళం పైచిలుకు రావాలి. రెండూ సమానంగా రాకపోతే షెడ్డు ఏటవాలుగా ఉన్నట్టే. ఆ తేడా రేకులు వేసే రోజున బయటపడుతుంది, అప్పుడు సరిచేయడం ఎవరి తరమూ కాదు.

రేకుల షెడ్డు అనగానే అందరూ బరువు గురించి ఆలోచిస్తారు. మోసే బరువు ఇక్కడ పెద్ద సమస్య కాదు, పైకి లేచే బలమే సమస్య. మన తీరానికి భవన నిర్మాణ కోడ్ చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పుడుతుంది. చూరుతో కలిపి 86 చదరపు మీటర్ల కప్పును గాలి పైకి లాగితే అది 13 టన్నుల మాట. రేకులు, వాటిని మోసే ఇనుప చట్రాలు (ట్రస్సులు) అన్నీ కలిపినా రెండు టన్నులు ఉండవు. మిగతాది పట్టుకోవాల్సింది పునాది. మధ్య స్తంభం ఒక్కొక్కదాని మీద ఒకటిన్నర టన్నుకు పైగా పైకి లాగే బలం పడుతుంది. పెద్ద తలుపు ఊడి గాలి లోపలికి జొరబడిందా, ఇంకా ఎక్కువ.

అందుకని ఒక్కో గుంట నాలుగడుగుల చదరం, నాలుగడుగుల లోతు తీయాలి. అడుగున నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు, దాని మీద ఇనుప రాడ్ల జాలీ కట్టి అడుగు మందం ఎం20 రకం కాంక్రీటు దిమ్మ, అక్కడి నుంచి స్తంభాన్ని నిలబెట్టే అడుగు చదరపు పొట్టి దిమ్మె (పెడెస్టల్). పైన మట్టి పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. దిమ్మ, మట్టి కలిసి మూడు టన్నుల బరువు పైన కూర్చుంటుంది. ‘ఒకటిన్నరకు మూడు ఎందుకు, మూడడుగుల గుంట చాలదా’ అని మేస్త్రీ తప్పకుండా అడుగుతాడు. తుఫాను రోజున నేలంతా నీళ్లలో నానితే ఆ మూడు టన్నుల్లో దగ్గరదగ్గర సగం తేలిపోతుంది. గుంట లోతు తగ్గించి మిగుల్చుకునే నాలుగు బస్తాలకు ఆశపడితే అసలుకే ఎసరు. పది పునాదులకూ కలిపి 50 బస్తాల సిమెంటు పడుతుంది. మేం చెప్పే కొలతలు ఒక అంచనా కోసమే. స్థలం మట్టి చూసి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం చేసిన డ్రాయింగు లేనిదే గడ్డపార పట్టొద్దు.

స్వచ్ఛంద కార్యకర్తల పని ఆదివారాల పని. దానికి దాని చిక్కులున్నాయి. ఉత్సాహం కొద్దీ మొదటి ఆదివారం పది గుంటలూ తవ్వేస్తారు. మధ్యలో వాన పడుతుంది. పక్కలు విరిగి అడుగున బురద చేరుతుంది. ఆ బురద మీదే కాంక్రీటు పోస్తే ఆ స్తంభం ముందుముందు కుంగడం ఖాయం. ఆ రోజు కాంక్రీటు పోయగలిగినన్ని గుంటలే తవ్వాలి. సిమెంటూ అంతే. దాత ఒకేసారి వంద బస్తాలు పంపిస్తే సంతోషమే కానీ, తీరంలో రెండు నెలలు ఉంచిన బస్తాలో గడ్డలే మిగులుతాయి. దాతను డబ్బు షాపులో జమ చేయమని చెప్పి, సరుకు వారం వారం తెచ్చుకోవడం తెలివైన పని.

పెడెస్టల్‌లో దించే బోల్టులు అన్నిటికన్నా ఎక్కువగా చెడే చోటు. స్తంభానికి నాలుగు, 20 మి.మీ. మందం, రెండడుగుల పొడవు, అడుగున కొక్కెంలా వంచినవి. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటుకు పడే చిల్లులతోనే ఒక ప్లైవుడ్ ముక్కకు చిల్లులు వేసి, నాలుగు బోల్టులూ దానికి నట్లతో బిగించి, అప్పుడు కాంక్రీటు పోయాలి. చేత్తో పట్టుకుని ‘సరిగ్గానే ఉంది, పోసేయ్’ అంటే కాంక్రీటు గట్టిపడేలోపు ఒకటి అరంగుళం జరుగుతుంది. తర్వాత ప్లేటు దిగదు. అప్పుడు ఎవరో ఒకరు సుత్తితో బోల్టు వంచడమో, గ్యాస్ కట్టర్‌తో చిల్లు పెద్దది చేయడమో మొదలుపెడతారు. మూడు టన్నుల పునాది వేసి, దాన్ని కప్పుకు కలిపే ఒకే ఒక్క ముడిని వదులు చేసుకున్నట్టు అవుతుంది. బోల్టు మరలకు గ్రీజు రాసి పాత పాలిథీన్ చుట్టడం మరవొద్దు. ప్లేటు కింద ఒక నట్టు, పైన రెండు. కింది నట్టుతో లెవెల్ సరిచేసుకుని, ఖాళీలో కుంచించుకుపోని గ్రౌటు (సిమెంటు మిశ్రమం) నింపాలి. నీళ్ల గొట్టంతో లెవెల్ చూసేటప్పుడు గొట్టంలో గాలి బుడగ ఉందేమో చూసుకోవాలి.

ట్రస్సులు వర్క్‌షాపులో చేయించాలి. ఎత్తడానికి క్రేను ఒక పూట అద్దెకు తీసుకోవాలి. ఎత్తులో వెల్డింగు, కరెంటు కనెక్షను, క్రేను కింద నిలబడడం, ఈ మూడింటికీ కార్యకర్తలను దించకూడదు, ఎంత చేయి తిరిగినవాళ్లైనా సరే. మట్టి పని, రాడ్డు కట్టడం, నేల, గోడ, రంగు, ర్యాకులు మనవి. అక్కడే కావలసినంత పనుంది. ఉప్పు గాలికి ఒక్క రెడాక్సైడ్ పూత నిలవదు. జింక్ కలిసిన ప్రైమర్ రెండు పూతలు, దాని మీద ఎనామెల్ వేయాలి. సైటులో వెల్డు చేసిన ప్రతి చోటా పూత కాలిపోతుంది. ఆ మసిని వైరు బ్రష్షుతో గీకి మళ్లీ ప్రైమర్ కొట్టకపోతే మొదటి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

కప్పుకు అర మి.మీ. మందపు కలర్ కోటెడ్ రేకులు, 12 అడుగులవి 26 పడతాయి. కొప్పు నుంచి చూరు దాకా ఒకటే రేకు, మధ్యలో అతుకు ఉండదు. చూరు అడుగు మించి బయటికి వదలొద్దు. వానకు బాగుంటుందని మూడడుగులు వదిలితే ఎదురుగాలికి గొడుగు తిరగబడ్డట్టు రేకు తిరగబడుతుంది. రేకులు బిగించే అడ్డ కడ్డీలు (పర్లిన్లు) నాలుగడుగులకు ఒకటి, చూరు దగ్గరా కొప్పు దగ్గరా దగ్గరదగ్గరగా. రబ్బరు వాషరున్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు దాదాపు 700. అంచుల్లో మూడడుగుల మేర రేకులో పైకి లేచిన ప్రతి మెట్టకూ ఒక స్క్రూ, మధ్యలో మెట్ట విడిచి మెట్టకు. స్క్రూ గన్‌తో నొక్కి పట్టి వాషరు పచ్చడయ్యేదాకా తిప్పితే రెండేళ్లలో రబ్బరు చీలి అక్కడ కారుతుంది. వాషరు కొద్దిగా ఉబ్బగానే ఆపాలి. సాయంత్రం దిగే ముందు రేకు మీద రాలిన ఇనుప పొట్టును మెత్తని చీపురుతో ఊడ్చేయాలి. చూడ్డానికి అది చిన్న పనే. ఒక్క రాత్రి మంచుకు ఆ పొట్టు తుప్పుపట్టి, కింది పూతను తినేస్తుంది. ఎక్కడో విప్పిన పాత సిమెంటు రేకులు ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే దండం పెట్టి వద్దనండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినప్పుడు, విరిగినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

పక్కలకు మూడడుగుల ఎత్తు సిమెంటు బ్లాకుల గోడ, పైన రేకు. పూర్తిగా మూసేస్తే ఇంకో తంటా. చలికాలంలో రేకు లోపలి వైపు తెల్లవారుజామున నీళ్లు పట్టి బొట్లు బొట్లుగా కిందున్న ఇనుము మీద రాలతాయి. ‘కప్పు కారుతోంది’ అని స్క్రూలన్నీ మళ్లీ బిగించి చూసేవాళ్లుంటారు. కారడం కాదది, గాలి ఆడకపోవడం. గోడ మీద పొడవునా అడుగు ఎత్తు జాలీ, కొప్పు మీద గాలికి తిరిగే వెంటిలేటర్లు రెండు పెడితే చాలావరకు పోతుంది. సముద్రం వైపు జాలీకి మాత్రం తుఫానుకు మూసే తలుపులుండాలి. పెద్ద ద్వారానికి రోలింగ్ షట్టర్ వద్దు. పది అడుగుల షట్టర్ గాలికి విల్లులా వంగి పట్టాల్లోంచి ఊడివస్తుంది. రెండు రెక్కల జారుడు తలుపు పెట్టి, నేలలోకి దిగే గడియలు అమర్చండి.

నేల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రైలు సామాను బరువు మామూలు గోడౌను బరువు కాదు. మీటరుకు 52 కిలోల పట్టా 13 మీటర్ల ముక్క ఒక్కటే 676 కిలోలు. ఊళ్లో తెలిసిన అత్యధిక వరద మట్టం కన్నా, లేదా చుట్టుపక్కల నేల కన్నా కనీసం అడుగున్నర ఎత్తులో నేల ఉండాలి. తొమ్మిదంగుళాల గ్రావెల్ రోలరుతో తొక్కించి, చెదలకు క్లోర్‌పైరిఫాస్ చల్లాలి. 20 శాతం గాఢత ఉన్న (20 ఈసీ) మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, చదరపు మీటరుకు ఐదు లీటర్ల చొప్పున. ఈ మొత్తానికి 370 లీటర్ల ద్రావణం, అంటే పద్దెనిమిదిన్నర లీటర్ల మందు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా ఎవరూ దగ్గరికి రాకూడదు. ఆ పైన ప్లాస్టిక్ షీటు పరిచి, ఆరంగుళాల ఎం20 కాంక్రీటు. మొత్తం 400 ఘనపుటడుగులు, 90 బస్తాలు.

ఇదంతా ఒకే రోజు పోయడం పదిమందికి తలకు మించిన పని. పది అడుగుల చదరాలుగా ఎనిమిది గళ్లు గీసుకుని, చదరంగం బల్ల మీద నల్ల గళ్లలా ఒకటి విడిచి ఒకటి పోయండి. ఒక గడికి 11 బస్తాలు, ఒక బస్తా మిక్సరుతో ఒక పూట పని. మిగిలిన గళ్లు వారం తర్వాత. గళ్ల మధ్య గీతే పగులుకు దారి ఇస్తుంది కాబట్టి నేల మధ్యలో ఎక్కడపడితే అక్కడ చీలదు. బస్తాకు నీళ్లు 25 లీటర్లు మించకూడదు. పదకొండో బస్తాకు చేతులు నొప్పెట్టి ‘ఇంకో చెంబు పోస్తే సులువుగా జారుతుంది’ అనే మాట వస్తుంది. ఆ చెంబే తర్వాత నేల మీద అడుగు పెట్టినప్పుడల్లా లేచే పిండి. నీళ్లు కొలిచే బక్కెటు ఒకరి చేతిలోనే ఉంచితే గొడవ ఉండదు. మర్నాటి నుంచి మట్టి గట్లు కట్టి పది రోజులు నీళ్లు నిలపాలి. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరూ రారు కాబట్టి పక్క ఊరి మనిషికి ఎవరికైనా కూలి ఇచ్చి ఆ పని అప్పగించాలి.

తోపుడు ట్రాలీ లాంటిదేదైనా దొరికే ఆశ ఉంటే నేలలో ఒక జత పట్టాలు ఇప్పుడే పాతుకోవాలి, తర్వాత నేల పగలగొట్టలేరు. ఆ చిన్న రైలు మార్గపు 762 మి.మీ. (రెండున్నర అడుగుల) గేజ్ అంటే పట్టాల లోపలి అంచుల మధ్య కొలత అది. ఐదడుగులకో చోట అడ్డ రాడ్డు వెల్డు చేసి బిగించకపోతే పోసే కాంక్రీటే పట్టాలను పక్కకు తోసేస్తుంది. పోయక ముందు, పోస్తుండగా, పోశాక ఆ దూరం కొలిచే గేజ్ బార్ పెట్టి చూడాలి. చక్రం అంచు నడవడానికి లోపలి వైపు రెండంగుళాలకు పైగా గాడి వదలాలి. ఒక చెక్క పట్టీ పెట్టి పోసి, గట్టిపడ్డాక తీసేస్తే సరి.

పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి జూన్ వానలకు ముందే కప్పు వేసేయాలి. అక్టోబరు వచ్చేసరికి తలుపులతో సహా అంతా బిగిసి ఉండాలి. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుఫానుకు సగం కట్టిన షెడ్డు దొరికితే అసలు కట్టని దానికన్నా ప్రమాదం.

లోపల ఎలా సర్దాలన్నది మరో ఉత్తరమంత ఉంది. కొన్ని మాటలతో సరిపెడతాం. బరువైనవి కింద, ర్యాకులు గోడకు బిగించి. ఏ ఇనుమూ నేలను తాకకూడదు, చెక్క దిమ్మల మీద ఉండాలి. ఆ దిమ్మలకు పట్టాల కింద వేసిన పాత చెక్క స్లీపర్లు వాడొద్దు, వాటిలోని క్రియోసోట్ నూనె కారి పక్కనున్నవాటిని పాడుచేస్తుంది. తుప్పు కనబడగానే గ్రైండరు పెట్టి తళతళలాడించి రంగు వేయడం మన దగ్గర పెద్ద జబ్బు. ఆ రంగు పొరల కిందే ఏ రైల్వే కంపెనీ కాలంలో ఏ రంగు వేశారో తెలిసేది. వదులు తుప్పు దులిపి, మైనం కలిపిన నూనె పూసి వదిలేయండి. టైంటేబుళ్లు, స్టేషను రిజిస్టర్లు, అట్ట టికెట్లు ఈ షెడ్డులో అసలు పెట్టకూడదు. మే నెల రేకుల వేడికి కాగితం పెళుసెక్కి ముట్టుకుంటే రాలుతుంది. వాటికి స్లాబు ఉన్న గదిలో బీరువా చూడండి.

పాత గార్డు పెట్టెలు తెరిచేటప్పుడు జాగ్రత్త. పొగమంచులో డ్రైవరును హెచ్చరించడానికి పట్టాల మీద పెట్టి పేల్చే డిటోనేటర్లు వాటిలో ఉండిపోయిన సందర్భాలుంటాయి. చూడ్డానికి జర్దా డబ్బా అంత గుండ్రటి రేకు బిళ్ల. పాతబడినవి మరీ ప్రమాదం. కదపకుండా, తట్టి చూడకుండా అందరినీ దూరం పంపి పోలీసులకూ, రైల్వే అధికారులకూ కబురు చేయాలి.

చివరగా రైల్వే డివిజన్లకు మా విన్నపం. తుక్కు ఇప్పుడు టన్నుల లెక్కన లాట్లు కట్టి ఆన్‌లైన్ వేలానికి పెడుతున్నారు. అందులో ఒక లీవర్ ఫ్రేము (సిగ్నళ్లను నడిపే మీటల చట్రం) కావాలంటే ఇరవై టన్నుల ఇనుము కొనాలి. స్వచ్ఛంద బృందాలు ఆ వేలంలో నిలవలేవు. లాటు కట్టే ముందు డిపోలో ఒక అర పూట సిగ్నలింగ్ సామాను వేరుగా తీయించి, ఫొటోలతో జాబితా వేసి, కప్పున్న షెడ్డు, వస్తువుల రిజిస్టరు చూపించగలిగిన సంస్థలకు తుక్కు ధరకే చిన్న లాట్లుగా ఇచ్చే వీలు కల్పించాలి. షెడ్డు చూపించలేనివారికి ఇవ్వొద్దని కూడా మేమే అడుగుతున్నాం.

ఇట్లు,
రైల్వే వారసత్వ పరిరక్షణలో పనిచేస్తున్న కొందరు కార్యకర్తలు,
శ్రీకాకుళం జిల్లా